మ్యూనిక్‌లో టర్కిష్‌లో థెరపీ దొరుకుతుందా?

మీరు అడిగింది ఇదీ: మీ రూమ్మేట్ ఇస్తాంబుల్ అమ్మాయి, ఉద్యోగం మీద మ్యూనిక్ వచ్చింది. నిద్ర పట్టడం లేదు, ఊరికే ఏడుపొస్తోంది. ఒకసారి ఇంగ్లీషులో థెరపీకి వెళ్లొచ్చి, "ఆఫీసు మీటింగ్‌లో మాట్లాడినట్టే మాట్లాడి వచ్చాను" అందట. టర్కిష్‌లో మాట్లాడేవాళ్లు దొరుకుతారా, ఇన్సూరెన్స్ డబ్బిస్తుందా అన్నది మీ ప్రశ్న.

దొరుకుతారు. ఇన్సూరెన్స్ కూడా ఇస్తుంది. కాకపోతే వెతకడానికి ఓపిక కావాలి. ఇదంతా మా ఇంట్లో జరిగిందే. మా ఆయనది టర్కీ, హతాయ్ ప్రాంతంలోని ఇస్కెండెరున్. నాది తెనాలి. ఉండేది బెర్లిన్‌లో. ఆయన్ని అడిగే రాస్తున్నాను.

2023 ఫిబ్రవరి 6న అక్కడ భూకంపం వచ్చింది. వాళ్లకు తెల్లవారుజామున 4:17, మాకు 2:17. అత్తగారి వాళ్లంతా బతికి బయటపడ్డారు గానీ ఆ తర్వాత ఈయన మనిషి మనిషిలా లేరు. ఆఫీసుకు వెళ్లేవారు, పని చేసేవారు, నవ్వేవారు కూడా. రాత్రి పడుకునేముందు మాత్రం మంచం పక్కన బూట్లు, పాస్‌పోర్టు, టార్చిలైటు వరసగా పెట్టుకునేవారు. బెర్లిన్‌లో భూకంపం రాదని ఆయనకూ తెలుసు. నేను అడిగితే "ఐ యామ్ ఫైన్" అనేవారు. భూకంపంలో నష్టపోయినవాళ్లు జర్మనీలో ఉన్న బంధువుల దగ్గరికి రావడానికి అప్పట్లో మూడు నెలల వీసా ఇచ్చారు. అత్తగారు దానిమీద మా ఇంటికి వచ్చాక, వంటింట్లో తల్లీకొడుకులు టర్కిష్‌లో మాట్లాడుకుంటుంటే ఆ గొంతు నేనెప్పుడూ విననిది. ఈయనకు ఇంగ్లీషు థెరపీ పనికిరాదని అప్పుడే తేలిపోయింది.

ముందు ఒక మాట. ఆ అమ్మాయి చచ్చిపోవాలని ఉంది లాంటి మాటలు అంటుంటే ఈ వెతుకులాటంతా పక్కనపెట్టండి. ప్రాణం మీదికి వస్తే 112. లేదంటే బవేరియా రాష్ట్రమంతటికీ (మ్యూనిక్ అందులోదే) ఉన్న క్రీజెన్‌డీన్‌స్ట్, అంటే మానసిక సంక్షోభంలో సాయం చేసేవాళ్లు, 0800 655 3000. ఫ్రీ నంబరు, రాత్రీపగలూ పనిచేస్తుంది.

ఇక మామూలు దారి. ప్రభుత్వ పద్ధతి ఇన్సూరెన్స్ (టీకే, ఏఓకే లాంటివి) ఉంటే డాక్టర్ చీటీ లేకుండానే ష్ప్రెష్‌ష్టుండే అనే మొదటి మాటల అపాయింట్‌మెంట్‌కు నేరుగా వెళ్లొచ్చు. డాక్టర్ల అపాయింట్‌మెంట్లు ఇప్పించే సర్వీసు నంబరు 116117కి ఫోన్ చేసినా, వాళ్ల వెబ్‌సైట్‌లో చూసినా నాలుగు వారాల్లోపు ఒకటి ఇప్పించాలి. అది టర్కిష్ వచ్చినవాళ్ల దగ్గరే దొరుకుతుందన్న హామీ లేదు. జర్మన్‌లోనో ఇంగ్లీషులోనో దొరికినా వదులుకోవద్దు. అక్కడ మనసు విప్పి చెప్పుకోనక్కర్లేదు. నిద్ర, తిండి, పని ఎలా ఉన్నాయో చెబితే చాలు. బయటికి వచ్చేటప్పుడు పీటీవీ 11 అనే కాగితం చేతికిస్తారు. థెరపీ అవసరమో కాదో అందులో రాసి ఉంటుంది. తర్వాత అన్నిచోట్లా అదే అడుగుతారు.

టర్కిష్ థెరపిస్ట్ కోసం వెతకడం వేరే పని, దాన్ని ఇదే సమయంలో మొదలుపెట్టండి. 116117 వెబ్‌సైట్‌లోనూ, బవేరియాలో కేవీబీ (అక్కడి ఇన్సూరెన్స్ డాక్టర్ల సంఘం) వెబ్‌సైట్‌లోనూ డాక్టర్లను భాషను బట్టి వెతికే వీలుంది. పేర్లు వస్తాయి. మెయిల్ పంపితే చాలామంది జవాబివ్వరు. ప్రతి థెరపిస్టూ వారంలో కొన్ని గంటలు ఫోన్‌లో అందుబాటులో ఉండాలన్న రూల్ ఉంది, ఆ టైములు వాళ్ల పేరు కింద రాసి ఉంటాయి. మంగళవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండూ నలభై అని ఉంటే ఆ నలభై నిమిషాల్లోనే చేయాలి. ఎత్తకపోతే మెసేజ్ టర్కిష్‌లోనే పెట్టమనండి. మా ఆయన మొదట జర్మన్‌లో కాగితం చూసి చదివినట్టు మెసేజ్‌లు పెట్టేవారు, ఒక్కరూ తిరిగి చేయలేదు. టర్కిష్‌లో పెట్టడం మొదలయ్యాక ఫోన్లు వచ్చాయి. అది భాష మహిమో, కాకతాళీయమో!

ఎవరు ఏమన్నారో, ఎన్ని నెలలు ఆగమన్నారో తేదీలతో రాసి పెట్టుకోండి. అందరూ ఆగమంటే, ఇన్సూరెన్స్ ఒప్పందం లేని ప్రైవేటు థెరపిస్ట్ దగ్గరికి వెళ్లి ఖర్చు రాబట్టుకునే దారి ఒకటుంది, కోస్టెన్‌ఎర్‌ష్టాటుంగ్ అంటారు. దాని దరఖాస్తులో మాతృభాషలో థెరపీ కావాలన్నది ఒక్కటే కారణంగా రాస్తే ఇన్సూరెన్స్ ఒప్పుకోవడం కష్టం, ఎందుకంటే చట్టంలో అది హక్కు కాదు. ఎవరి దగ్గరా ఖాళీ లేదన్నది ప్రధానంగా రాయాలి, భాష సంగతి దానికి తోడుగా. మంజూరైనట్టు ఉత్తరం చేతికొచ్చేదాకా ఒక్క సెషన్ కూడా మొదలుపెట్టొద్దు, ఆ డబ్బు మళ్లీ రాదు. ప్రైవేటులో సెషన్ వంద యూరోల పైమాటే. ఆ థెరపిస్ట్‌కు అప్రొబాట్సియోన్, అంటే సర్కారు లైసెన్సు ఉందో లేదో కూడా చూసుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో టర్కిష్‌లో కనిపించే "లైఫ్ కోచ్"లకు ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. హైల్‌ప్రాక్టికర్లకూ (డాక్టర్లు కాని ప్రత్యామ్నాయ వైద్యులకూ) అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. జర్మనీలో టర్కీ మూలాలున్నవాళ్లు సుమారు 30 లక్షల మంది. 1961లో కార్మికుల ఒప్పందం కుదిరాక ఫ్యాక్టరీల్లో పనికి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు. ఇక్కడి టర్కిష్ థెరపిస్టుల్లో చాలామంది ఆ ఇళ్లలో పుట్టిపెరిగినవాళ్లే. ఇంట్లో టర్కిష్, చదువంతా జర్మన్. మా ఆయన కలిసిన మొదటావిడ మంచి మనిషి, వయసులో పెద్దావిడ. అమ్మానాన్నల గురించి మాట్లాడినంతసేపూ బాగానే సాగిందట. ఆఫీసు, వీసా, "అందరినీ వదిలి నేనొక్కణ్నే హాయిగా ఉన్నాను" అన్న బాధ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ జర్మన్‌లోకి వెళ్లిపోయేది, ఈయనకు అర్థమయ్యేది కాదు. పైగా ఆవిడ దృష్టిలో వలస అంటే ఎన్నో ఏళ్ల కిందట తండ్రి పడ్డ కష్టం. చదువుకుని, కావాలని దేశం వదిలి వచ్చిన వాడి అపరాధభావం ఆవిడకు కొత్త. మీ రూమ్మేట్‌ది కూడా ఇదే బాపతు కథ అయ్యుండొచ్చు. అందుకే మొదటి ఫోన్‌లోనే అడగమనండి: మీరు ఎక్కడ చదువుకున్నారు, థెరపీ టర్కిష్‌లోనే నడుపుతారా, టర్కీ నుంచి ఈమధ్య వచ్చినవాళ్లను చూస్తుంటారా? ఇలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

దీనికి ఇంకో కోణం ఉంది. కుర్దులు, అలెవీలు (టర్కీలోని మైనారిటీ జాతి, మైనారిటీ మతవర్గం), లేదా రాజకీయాల వల్ల దేశం వదిలినవాళ్లు కొందరికి టర్కిష్ థెరపిస్ట్ అంటేనే బెరుకు. ఈ మనిషి ఎవరి పక్షమో, నా మాట ఎక్కడికి చేరుతుందో అని. మన ఊళ్లలో "డాక్టరుగారు మా పెదనాన్నకు స్నేహితుడు" అంటే నోరు మూతపడదూ, అలాంటిదే. థెరపిస్ట్ విన్నది బయటపెడితే జర్మనీలో నేరం, అయినా భయం భయమే. మీ రూమ్మేట్‌కు అలాంటిదేమైనా ఉంటే పక్క ఊళ్లో థెరపిస్ట్‌ను చూసుకోవడం మేలు.

చివరికి మాకు కుదిరింది ఆన్‌లైన్‌లో. జర్మనీలో వరస వచ్చేదాకా అంకారాలో ఉన్న ఒక సైకాలజిస్ట్‌తో మొదలుపెట్టారు. ఖర్చు మాదే, ఇక్కడి ఇన్సూరెన్స్ ఇవ్వదు. టర్కీలో క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవడానికి మాస్టర్స్ చదివి ఉండాలి, అది అడిగి తెలుసుకోండి. మందులు అవసరమైతే మాత్రం ఇక్కడి సైకియాట్రిస్ట్ దగ్గరికే వెళ్లాలి. ఒక చిన్న తలనొప్పి: టర్కీ 2016 నుంచి గడియారాలు మార్చడం మానేసింది, జర్మనీ మారుస్తూనే ఉంది. అందుకని చలికాలం రెండు గంటల తేడా, ఎండాకాలం ఒక గంట. అక్టోబరు ఆఖర్లో ఈయన సెషన్ టైము జరిగిపోయి, సరిగ్గా ఆఫీసు మీటింగ్ మీద పడింది. ఆ మీటింగే ఎత్తేయించారు.

థెరపీకి వెళ్తున్నట్టు కంపెనీకి తెలుస్తుందేమో అని ఆ అమ్మాయి భయపడుతుంటే, ఇన్సూరెన్స్ వాళ్లు కంపెనీకి చెప్పరు. కాకపోతే పని చేయలేని స్థితి వస్తే డబ్బిచ్చే పాలసీ (బేఊ) తీసుకునే ఆలోచన ఉంటే, ఆ ఫారంలో గత కొన్నేళ్ల థెరపీ గురించి అడుగుతారు. ముందే ఒక సలహాదారుతో మాట్లాడుకుంటే మంచిది.

అన్నట్టు, తెలుగులో కావాలంటే జర్మనీలో ఇంత వెసులుబాటు కూడా లేదు. మనవాళ్లు ఎక్కువగా హైదరాబాద్ వాళ్లతో ఆన్‌లైన్‌లోనే మాట్లాడుకుంటారు. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడగడం మరవొద్దు.

మీరు చేయగల సాయం ఫోన్లు చేసిపెట్టడం. ఆ టైముకు ఆ అమ్మాయి పక్కనే ఉండాలి, పుట్టినతేదీ, ఇన్సూరెన్స్ కార్డు నంబరు అడుగుతారు. సెషన్‌లో అనువాదం చేయడానికి మాత్రం టర్కిష్ స్నేహితులనెవరినీ కూర్చోబెట్టనివ్వకండి. ఎదురుగా స్నేహితురాలు ఉంటే ఆ అమ్మాయి చెప్పాల్సింది చెప్పదు, ఇంగ్లీషులో మాట్లాడి వచ్చినప్పటిలాగే ఉంటుంది.