జిఫ్ బ్యానర్ బరువు తగ్గాలంటే ముందు కదిలే భాగాన్ని విడదీయండి

మీ చీరల షాపు సైట్‌లో దీపం వెలుగుతున్న జిఫ్ బ్యానర్ ఉంది, 1200×600 సైజు, 40 ఫ్రేములు, ఫోన్లో తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది, క్వాలిటీ పోకుండా ఎలా తగ్గించాలి అని అడిగారు. చిన్న చిన్న షాపులకి సైట్లు చేస్తుంటాను కాబట్టి పండగ సీజన్ వస్తే నాకు ఇదే పని.

ఆన్‌లైన్ కంప్రెసర్‌లో వేసే ముందు బ్యానర్‌ని ఒకసారి నిదానంగా చూడండి. అందులో కదిలేది దీపం జ్వాల ఒక్కటే. ఇత్తడి కుంది, పట్టుచీర, షాపు పేరు ఏవీ కదలవు. అయినా 40 ఫ్రేములూ కలిపితే మొత్తం 2 కోట్ల 88 లక్షల పిక్సెళ్లు ఉన్నాయి.

నిజానికి ముందు ఫ్రేముతో పోలిస్తే మారిన భాగాన్ని మాత్రమే దాచుకునే వీలు జిఫ్‌లో ఉంది. మరి బరువెందుకు పెరుగుతుందంటే, ఫొటోలో వేల రంగులుంటాయి, జిఫ్ ఫ్రేములో 256కి మించి కుదరవు. ఆ లోటు కనపడకుండా సాఫ్ట్‌వేర్ సన్నటి చుక్కలు చల్లుతుంది, దాన్నే డిథరింగ్ అంటారు. బాగా జూమ్ చేసి ఒక్కో ఫ్రేమూ నడిపించి చూడండి, కదలని గోడ మీద కూడా చుక్కలు చీమల్లా అటూ ఇటూ జరుగుతుంటాయి. మన కంటికి అదే గోడ, ఫైలుకి మాత్రం ప్రతిసారీ కొత్త బొమ్మ. డిథరింగ్ ఆపేసినా, చుక్కలు ఒకే చోట నిలిచే బేయర్ పద్ధతి ఎంచుకున్నా సైజు బాగా దిగుతుంది. జిఫ్‌నే ఉంచక తప్పకపోతే జిఫ్ సైజు తగ్గించే జిఫ్‌సికిల్ అనే టూల్‌లో లాసీ ఆప్షన్ (కొంచెం క్వాలిటీ వదులుకుని సైజు తగ్గించేది) కూడా వాడండి.

మీకు మాత్రం జిఫ్ అక్కర్లేదు. జ్వాల లేని బ్యానర్‌ని మామూలు వెబ్‌పి (జేపీజీ లాంటి ఇంకో ఫొటో ఫార్మాట్) ఫొటోగా పెట్టండి. జ్వాలని విడిగా కత్తిరించి, 120×160 సైజులో 20 ఫ్రేముల యానిమేటెడ్ వెబ్‌పిగా చేసి, సీఎస్ఎస్‌తో (పేజీలో ఏది ఎక్కడ, ఎలా కనపడాలో చెప్పే కోడ్) వత్తి మీద సరిగ్గా కూర్చోబెట్టండి. ఇప్పుడు కదిలే పిక్సెళ్లు 3,84,000 మాత్రమే. జ్వాల చుట్టూ ఉండే పల్చని వెలుగు కూడా చెడదు. జిఫ్‌లో పిక్సెల్ ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే లేదు, అందుకే అంచుల్లో తెల్లటి గీత కనిపిస్తుంది. వెబ్‌పిలో సగం పారదర్శకత కుదురుతుంది. ఫోన్ తెర వెడల్పు మారినా జ్వాల వత్తి మీదే ఉండాలి కదా, అందుకని స్థానాన్నీ వెడల్పునీ పిక్సెళ్లలో కాకుండా శాతాల్లో ఇవ్వండి. చాలామంది ఇక్కడే విసిగిపోయి మళ్లీ జిఫ్‌కి వెళ్తారు, దయచేసి వెళ్లొద్దు.

మోడల్ చీర కట్టుకుని నడిచే బ్యానర్‌లాంటిదైతే దారి వేరు. ఫ్రేము మొత్తం కదులుతుంది కాబట్టి అది వీడియోగానే ఉండాలి. ఎంపీ4 చేసి వీడియో ట్యాగ్‌లో ఆటోప్లే, మ్యూటెడ్, లూప్, ప్లేస్‌ఇన్‌లైన్ నాలుగూ రాయండి. మ్యూటెడ్ లేకపోతే మామూలుగా బ్రౌజర్లు దానంతట అది ఆడనివ్వవు, ప్లేస్‌ఇన్‌లైన్ లేకపోతే ఐఫోన్‌లో తెరంతా ఆక్రమిస్తుంది. వెడల్పూ ఎత్తూ సరి సంఖ్యలు కాకపోతే వీడియోలు మార్చే టూల్ ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఎర్రర్ ఇస్తుంది, టెన్షన్ పడకండి, ఒక పిక్సెల్ తగ్గిస్తే చాలు.

ఫొటోషాప్ వచ్చినవాళ్లకి జ్వాల కత్తిరించడం ఒక పూట పని. జ్వాల, వెనక బొమ్మ విడివిడి లేయర్లుగా ఉన్న అసలు ఫైల్ ఉంటే అదీ అక్కర్లేదు, డిజైనర్‌ని అడిగి తెప్పించుకోండి.