ఇంట్లో లంబాడీ, బయట తెలుగు: బాబు తికమకపడుతున్నాడా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర తండా. ఆయన ఉద్యోగం వల్ల ఏడాదిగా నల్లగొండలో అద్దెకు ఉంటున్నాం. బాబుకు రెండేళ్లు నిండి నెలయింది. తెలుగులో 14 మాటలే వచ్చు. పక్కింటి పాప ఇదే వయసులో గలగలా మాట్లాడుతోంది. లంబాడీ వల్లే వీడు తికమకపడుతున్నాడని, ఇంట్లో అది మానేయమని అందరూ అంటున్నారు. రెండు నెలలుగా వాడితో తెలుగే మాట్లాడుతున్నాను. లంబాడీ మాటలైతే ఒక 40 దాకా వచ్చు. కానీ మొన్న ‘యాడీ, పాలు’ అని రెండు భాషలూ కలిపేశాడు. భయమేస్తోంది.
– ఒక తల్లి, నల్లగొండ

జవాబు: అమ్మా, ముందు లెక్క సరిచేద్దాం. మీ బాబుకు వచ్చినవి 14 మాటలు కావు, 54. ఇంట్లో ఎన్ని భాషలుంటే అన్నింటి మాటలూ కలిపే లెక్కపెట్టాలి. రెండేళ్లకు సుమారు 50 మాటలు రావడం, రెండేసి మాటలు జతచేయడం, ఈ రెండూ మేము ముఖ్యంగా చూస్తాం. మీరు భయపడిన ‘యాడీ, పాలు’ చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మను పిలిచి, కావలసింది అడిగాడు. పాలకు తెలుగు మాట ముందుగా నోటికొచ్చింది, దాన్నే వాడుకున్నాడు. అది తికమక కాదు, తెలివి.

పసివాళ్ల చెవి మనం అనుకున్నదానికంటే చాలా పదునైనది. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు 1984లో ప్రచురించిన పరీక్షల్లో, ఇంగ్లీషు మాత్రమే వినే 6–8 నెలల పిల్లలు హిందీలోని ‘త’, ‘ట’ల తేడాను పట్టుకున్నారు. ఏడాది నిండే వేళకు వాళ్లలో చాలామందికి ఆ తేడా తెలియకుండా పోయింది. రోజూ వినే శబ్దాలకే చెవి పదునెక్కుతుంది. మీ బాబు చెవి రెండు భాషలకు పదునెక్కింది. అందులో ఒకదాన్ని ఇప్పుడు మీరే తీసేస్తున్నారు.

నాకు బాధ కలిగించింది ఆ రెండు నెలలే. కోపగించుకోకండి, ఒక్కటి అడుగుతాను: ఈ రెండు నెలల్లో వాడితో మీ మాటలు తగ్గలేదా? తనకు అలవాటైన భాష వదిలేసిన తల్లి పిల్లవాడిని ‘ఇది తిను, అటు పోకు’ అంటుంది, అక్కడితో ఆగిపోతుంది. కబుర్లు, బుజ్జగింపులు, జోలపాటలు పోతాయి. ఇరవై ఏళ్లుగా ఈ జిల్లాలో మాట ఆలస్యమైన పిల్లలతో పనిచేస్తున్నాను, ఇది ఎన్నోసార్లు చూశాను.

కిందటి వానాకాలం మీ తండాల వైపు నుంచే ఒక బాబును తీసుకొచ్చారు. తల్లి బొమ్మలు చూపిస్తూ ‘ఇదేమిటి? చెప్పు, చెప్పు’ అంటుంటే వాడు తల వంచుకుని కూర్చున్నాడు. వెంట వచ్చిన నానమ్మ గుడ్డలో కట్టుకొచ్చిన జొన్నరొట్టె విప్పి, ఒక ముక్క తుంచి చేతిలో పట్టుకుంది. ఏమీ అడగలేదు. వాడి ముఖంలోకి చూస్తూ ఊరికే ఆగింది. కాసేపటికి వాడు ‘బాటి’ అన్నాడు, లంబాడీలో రొట్టె అని. ‘బాటి’ అని తానూ అంటూ ముక్క వాడి చేతిలో పెట్టింది. మళ్లీ తుంచింది, మళ్లీ ఆగింది. నేను తల్లులకు గంటసేపు చెప్పేది ఆ పెద్దావిడ రొట్టె ముక్కతో చేసి చూపించింది.

మీరూ ఈ రోజు నుంచే వాడితో లంబాడీలో మాట్లాడండి. వాడు ‘పాణి’ (నీళ్లు) అంటే ‘చల్లటి పాణి కావాలా?’ అన్నట్టుగా మీ మాటల్లో ఇంకొంచెం కలిపి తిరిగి చెప్పండి. వాడు బదులిచ్చేదాకా ఓపిక పట్టండి. తెలుగు గురించి దిగులొద్దు. వీధి, అంగన్‌వాడీ, బడి వాడికి దాన్ని ఇస్తాయి. అన్నం తినిపించేటప్పుడు ఫోను మాత్రం ఇవ్వకండి, అది వాడి కోసం ఆగదు.

ఒక్క జాగ్రత్త. వెనుక నుంచి పిలిస్తే తిరగకపోయినా, చెవి కారుతున్నా, వచ్చిన మాటలు పోతున్నా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి. అప్పుడు కూడా ‘రెండు భాషల వల్లే’ అని ఎవరైనా ఇంటికి పంపేస్తే ఊరుకోకండి, పరీక్ష చేయమని అడగండి.