అల్లుడి బండికి కొత్త స్ప్రింగులు

చిరంజీవి అల్లుడికి, సిమిలిగుడ నుంచి మావయ్య ఆశీస్సులు.

పికప్ ముందు స్ప్రింగులు నువ్వే మారుస్తానన్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ముచ్చటేసింది. వెంటనే టెన్షనూ పట్టుకుంది.

అసలెందుకు మారుస్తున్నావు? బంపరు ముందు ఇనుప గార్డు తగిలించాక బండి ముక్కు దిగిందంటే ఆ గార్డు పీకెయ్. వాటిని తీయించమని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. అల్లం మూటలు ఇంకో నాలుగు వేద్దామనా? ఆ బరువు పడేది వెనక కమాన్ పట్టీల మీద. పైగా గట్టి స్ప్రింగు వేస్తే బ్రేకులు గట్టిపడవురా, సుంకి ఘాటీలో బండిని ఆపాల్సింది అవే. పాతవి కుంగిపోతే మాత్రం మార్చు, రెండు పక్కలా ఒకేసారి.

జాకీని నమ్మకు, స్టాండ్లు వెయ్యి. వెనక చక్రాలకి రాళ్ళు పెట్టు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా ఆ కాయిలుతోనే, అదే, ఆ చుట్ట స్ప్రింగుతోనే. నీ డీమ్యాక్స్ పికప్‌లో అది షాక్ అబ్జార్బర్ చుట్టూ నొక్కి పెట్టి ఉంటుంది, పైన ఒక్క నట్టు దాన్ని ఆపుతుంది. సాలూరులో నేను పని నేర్చుకున్న షెడ్డులో ఒక మేస్త్రి, స్ప్రింగుని నొక్కి పట్టే కంప్రెసర్ తెప్పించే ఓపిక లేక, కాయిలుకి ఇనుప తీగ చుట్టి ఆ నట్టు విప్పించాడు. తీగ తెగింది. కాయిలు ఎగిరి పైరేకుకి కొట్టుకుంది, దాని మీది బిళ్ళ ఎదురుగా కూర్చున్న హెల్పర్ దవడకి తగిలింది. మీసాలు కూడా రాని కుర్రాడు. ఆ తర్వాత అన్నం ఒక పక్కనే నమిలేవాడు. "వాడినక్కడ ఎవడు కూర్చోమన్నాడు?" అన్నాడు మేస్త్రి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కంప్రెసర్ కొక్కేలు రెండూ ఎదురెదురుగా తగిలించు. ఇటు కాస్త, అటు కాస్త బిగించుకుంటూ రా. నట్లు బిగించే గన్ను వద్దు, చేత్తోనే. కాయిలు కదిపితే లొడలొడలాడాలి, అప్పటిదాకా పై నట్టు ముట్టుకోకు. ముఖం పక్కకి పెట్టుకో. నవ్వుతున్నావా? నవ్వుకో, చెప్పినట్టు మాత్రం చెయ్యి నాయనా.

కింది ఆర్మ్ బోల్టుల ఆఖరి బిగింపు చక్రాలు నేలకి దిగాకే. గాల్లో బిగిస్తే రబ్బరు బుష్‌లు మెలిపడి తొందరగా చిరిగిపోతాయి. బ్రేకు హోసు సాగి బిగుసుకుపోతోందేమో చూడు. చక్రాల ఎలైన్‌మెంటు జయపురంలో చేయించు. ముక్కు లేస్తే హెడ్‌లైట్లూ లేస్తాయి, కిందికి సర్దించకపోతే మలుపులో ఎదుటి లారీవాడికి కళ్ళు కనిపించవు.

నా కంప్రెసర్‌కి నూనె రాసి ఉంచాను, వచ్చి పట్టుకెళ్ళు. నన్నూ తీసుకెళితే పక్కన కుర్చీ వేసుకుని నోరు మూసుకుని కూర్చుంటాను. మూసుకోననుకో.

దవడ సంగతి మీ అమ్మకి చెప్పకు.