ముక్క తగిలితే డోకొచ్చే మూడేళ్ల బాబుకు కొత్త తిండి ఎలా అలవాటు చేయాలి?

మిక్సీలో మెత్తగా తిప్పిన పప్పన్నం తప్ప ఏదీ తినడని, చిన్న ముక్క తగిలినా డోకొచ్చి మొత్తం కక్కేస్తాడని, ఇంట్లో పెద్దవాళ్లేమో "రెండు పూటలు మాడిస్తే వాడే తింటాడు" అంటున్నారని రాశారు. దయచేసి మాడ్చకండి. ఊరికే మారాం చేసే పిల్లల సంగతి వేరు. ముక్కంటేనే బెదిరే పిల్లలు కడుపు నకనకలాడుతున్నా నోరు తెరవరు. మా పాపను చూశాను కాబట్టి చెబుతున్నాను.

తను ఏడో నెలలోనే పుట్టింది. చాలా రోజులు ముక్కులోంచి గొట్టం వేసి పాలు పట్టారు. ఆ తర్వాత నోటి దగ్గరికి చెంచా వస్తే చాలు, మొహం తిప్పేసుకునేది. నమలడం పుట్టుకతో వచ్చేస్తుందనుకుంటాం గానీ, ముద్దను నాలుకతో పక్క పళ్ల మీదికి నెట్టడం కూడా నేర్చుకోవలసిన పనే. మెత్తటి తిండితోనే మూడేళ్లు గడిచిన బిడ్డకు ఆ సాధన ఉండదు.

ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. తాగేటప్పుడు పొలమారుతోందా, మాటిమాటికీ నెమ్ము చేస్తోందా, బరువు పెరగడం ఆగిందా, మలబద్ధకం ఉందా అన్నవన్నీ చెప్పండి. రక్తపరీక్షలో ఐరన్ కూడా చూడమనండి, అది తగ్గితే ఆకలే మందగిస్తుంది. పాలు రోజుకు అర లీటరు దాటనివ్వకండి. పాలతో కడుపు నిండిన పిల్లలకు అన్నం మీదికి మనసెలా పోతుంది?

మాకు దారి చూపింది ఆక్యుపేషనల్ థెరపిస్ట్, అంటే తినడం లాంటి రోజువారీ పనులు సాధన చేయించే నిపుణురాలు. మొదటి రోజుల్లో తినిపించడం ఊసే ఎత్తలేదావిడ. పాప ముందు అటుకులు, ఉడికించిన క్యారెట్, పెరుగు పెట్టి ఆడుకోనిచ్చారు. చూడటం, ముట్టుకోవడం, వాసన చూడటం, పెదవులకు తాకించడం, నాకి ఉమ్మేయడం, ఇవన్నీ తినడానికి ముందు మెట్లేనట. ఉమ్మేసినా సరేనని తెలిశాకే మా పాప నోట్లో పెట్టుకోవడానికి ధైర్యం చేసింది. అందుకే బాబు పక్కన ఒక ఖాళీ గిన్నె ఉంచండి, నచ్చనిది అందులో ఉమ్మేయొచ్చని చెప్పండి.

కొత్తది పెట్టేటప్పుడు, తినేదానికి దగ్గరగా ఉన్నదాన్నే ఎంచుకోండి. ఒక్కసారికి ఒక్క మార్పే. మా ఇంట్లో చిదిమిన ఇడ్లీ, తర్వాత వేళ్లతో తుంచుకునే ఇడ్లీ, తర్వాత మెత్తటి దోసె, ఆపైన అంచులు కరకరలాడే దోసె, అలా సాగింది. దోసెను పొడుగ్గా చీల్చి చివరను పక్క పళ్ల మధ్య పెట్టించేవారు. అప్పుడు నాలుక దానంతటదే అటు తిరుగుతుంది. సగ్గుబియ్యం వడియం మా పాపకు భలే నచ్చింది: కొరకగానే చప్పుడు, ఆ వెంటనే నోట్లో కరిగిపోవడం. సాంబారన్నం, ముక్కలున్న పులుసు మాత్రం చివరికి ఉంచండి. నీళ్లగా ఉన్నదాంట్లో గట్టి ముక్క తగలడమే ఇలాంటి పిల్లలకు అన్నిటికన్నా కష్టం. వేరుశనగ గింజలు, గుండ్రటి ద్రాక్ష నాలుగైదేళ్లు వచ్చేదాకా అలాగే ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి.

మామూలు పిల్లలకే కొత్త రుచి అలవాటవడానికి 8 నుంచి 15 సార్లు చూపించాల్సి రావచ్చంటారు. మనవాళ్లకు ఇంకా ఎక్కువే పడుతుంది. కాబట్టి వద్దన్న కూరను "వీడికి పడదు" అని పక్కన పెట్టేయకండి. మీ పళ్లెంలో ఎలాగూ ఉంటుంది కదా, బాబు పళ్లెంలోనూ చిటికెడు వేయండి. తిన్నావా అని అడగొద్దు, తింటే చప్పట్లూ వద్దు. అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన పద్ధతి మాకు బాగా పనికొచ్చింది: ఏది, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలన్నది పెద్దల పని, తినాలా వద్దా, ఎంత తినాలన్నది బిడ్డ ఇష్టం. పూటకూ పూటకూ మధ్య రెండున్నర, మూడు గంటల ఎడం ఉంచి, ఆ మధ్యలో నీళ్లే ఇవ్వండి. అరగంటకు పళ్లెం తీసేయండి.

ఫోన్ చూపిస్తే నాలుగు ముద్దలు దిగుతాయన్నది నిజమే. కానీ నోట్లో ఏముందో బిడ్డ గమనించడు, నమలడం నేర్చుకోడు. ఒక్కసారిగా మానిపించలేకపోతే రోజుకు ఒక పూటతో మొదలుపెట్టండి.

ఖర్చు గురించి అడిగారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో నడిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రంలో, అదే డీఈఐసీ అంటారు, పిల్లలకు ఉచితంగా చూస్తారు. మీ జిల్లా ఆసుపత్రిలో ఆ పేరు చెప్పి అడగండి. హైదరాబాద్ దగ్గరైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవారి కోసం నడిచే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో కూడా చిన్నపిల్లల థెరపీ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు బాబు తినేది, తిననిది రెండూ డబ్బాల్లో పట్టుకెళ్లండి, తింటున్నప్పుడు తీసిన వీడియో ఒకటి చూపించండి.