లైటు పచ్చగానే ఉంది, ఫైలే కదలదు

ప్రశ్న: మా ఆఫీసు సర్వర్‌ను సిస్కో క్యాటలిస్ట్ స్విచ్‌కు కలిపాం. పోర్టు లైటు వెలుగుతోంది, పింగ్ వస్తోంది. 2 జీబీ ఫైలు కాపీ చేయబోతే మాత్రం నత్తనడక. కేబుల్ రెండుసార్లు మార్చాం. ఇంకేం చూడాలి?

జవాబు: కేబుల్‌ని వదిలేసి డ్యూప్లెక్స్ చూడండి. రెండు వైపులా ఒకేసారి పంపుకుంటే ఫుల్, వంతులవారీగా పంపుకుంటే హాఫ్. సర్వర్ నెట్‌వర్క్ కార్డులో ఎవరో 100 (మెగాబిట్ల వేగం), ఫుల్ అని గట్టిగా పెట్టేసి ఉంటారు. స్విచ్ పోర్టు ఆటోలో, అంటే అవతలి పరికరంతో మాట్లాడి కుదుర్చుకునే పద్ధతిలో, ఉండి ఉంటుంది. ఆటో తీసేసిన కార్డు తన సంగతి అవతలికి చెప్పదు. వచ్చే సిగ్నల్‌ని బట్టి స్విచ్ వేగం 100 అని పోల్చుకోగలదు గానీ, డ్యూప్లెక్స్ తెలుసుకునే దారి దానికి లేదు. అలాంటప్పుడు హాఫ్ అనుకోవాలన్నది ఈథర్నెట్ ప్రమాణంలోనే ఉన్న నియమం. ఇక సర్వర్ తోచినప్పుడల్లా పంపుతుంది, స్విచ్ దాన్ని కొలిజన్ (ఢీకొనడం) అనుకుని తన ఫ్రేమ్‌ను, అంటే పంపుతున్న డేటా ముక్కను, మధ్యలో తెంపేస్తుంది. పింగ్‌లో ఒక చిన్న ప్యాకెట్ వెళ్లాకే జవాబు వస్తుంది, ఢీకొనే సందర్భం తక్కువ. ఫైలు కాపీలో రెండు వైపులా ఒకేసారి రాకపోకలు.

స్విచ్ కమాండ్ లైన్‌లో ‘షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్’ కొట్టండి. డ్యూప్లెక్స్ వరుసలో ‘ఏ-హాఫ్’ కనిపిస్తే దొంగ దొరికినట్టే. ముందున్న ‘ఏ’ ఆటోకు గుర్తు. తర్వాత ‘క్లియర్ కౌంటర్స్’ కొట్టి, ఒక ఫైలు కాపీ చేసి, ‘షో ఇంటర్‌ఫేసెస్’లో ఆ పోర్టు లెక్కలు చూడండి. ఎప్పటివో పాత అంకెలు చూసి కంగారుపడేవాళ్లే ఎక్కువ. హాఫ్ వైపు లేట్ కొలిజన్లు, అంటే ఫ్రేమ్‌లో 64 బైట్లు దాటాక జరిగేవి, పెరుగుతాయి. ఫుల్ వైపు సీఆర్‌సీ తప్పులు, అంటే చెడిపోయి వచ్చిన ఫ్రేమ్‌ల లెక్క, పెరుగుతాయి. లేట్ కొలిజన్లు సున్నాగా ఉండి సీఆర్‌సీ ఒక్కటే పెరుగుతుంటే అప్పుడు కేబుల్‌ని అనుమానించండి.

మందు తేలికే: సర్వర్ కార్డును ఆటోకు మార్చండి, పోర్టులో ‘స్పీడ్ ఆటో’, ‘డ్యూప్లెక్స్ ఆటో’ ఉంచండి. అవతలి పరికరంలో మార్చే వీలే లేకపోతే స్విచ్‌లోనూ 100, ఫుల్ పెట్టండి. ముందు స్పీడ్, తర్వాతే డ్యూప్లెక్స్; స్పీడ్ ఆటోలో ఉండగా డ్యూప్లెక్స్ పెట్టబోతే చాలా మోడళ్లు ఒప్పుకోవు. చివర ‘రైట్ మెమరీ’ మరిచిపోతే కరెంటు పోయి వచ్చేసరికి మొదటికొస్తుంది.

ప్రశ్న: ఒక పోర్టు ‘ఎర్-డిసేబుల్డ్’ అని చూపిస్తోంది. ‘నో షట్‌డౌన్’ కొట్టినా లేవడం లేదు.

జవాబు: ఏదో తేడా కనిపెట్టి స్విచ్చే ఆ పోర్టును మూసేసిందని దాని అర్థం. ముందు ‘షట్‌డౌన్’, ఆపైన ‘నో షట్‌డౌన్’ కొట్టాలి. కానీ అంతకంటే ముందు ‘షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్ ఎర్-డిసేబుల్డ్’లో కారణం చదవండి, లేకపోతే లేచిన పోర్టు మళ్లీ పడుకుంటుంది. పోర్ట్ సెక్యూరిటీ అని ఉంటే, బల్ల కింద ఎవరో చిన్న స్విచ్ పెట్టి రెండో కంప్యూటర్ తగిలించారేమో చూడండి. విడిగా ఏమీ మార్చకపోతే ఒక్క మ్యాక్ అడ్రసుకే (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్యకే) అనుమతి. ‘బీపీడీయూ గార్డ్’ (స్విచ్‌లు పంపుకునే బీపీడీయూ సందేశం వస్తే పోర్టును మూసే కాపలా) అని ఉంటే పోర్టుకు మరో మేనేజ్డ్ స్విచ్ తగిలి ఉండాలి, లేదా చిన్న స్విచ్‌లో ఒకే ప్యాచ్ కార్డు రెండు కొసలూ గుచ్చి ఉండాలి. రెండోది మనం అనుకునేకంటే తరచుగా జరుగుతుంది. ‘ఎర్‌డిసేబుల్ రికవరీ’ పెడితే పోర్టు 300 సెకన్లకు దానంతటదే లేస్తుంది, కానీ కారణం తెలియకుండా అది పెట్టడం నాకిష్టం లేదు.

ప్రశ్న: రెండు వైపులా గిగాబిట్ పోర్టులే, ఆటోలోనే ఉన్నాయి. లింకు 100 దగ్గరే ఆగుతోంది.

జవాబు: ఇక్కడ మాత్రం కేబులే. 100కు రెండు జతల తీగలు చాలు (1-2, 3-6), గిగాబిట్‌కు నాలుగూ కావాలి. 4-5 లేదా 7-8లో ఒక తీగ సరిగా క్రింప్ కాకపోయినా చాలా కార్డులు 100కు దిగిపోతాయి. స్విచ్‌లో టీడీఆర్ పరీక్ష (తీగలోకి సిగ్నల్ పంపి తిరిగొచ్చేదాన్ని చూసేది) ఉంటే ఏ జత తెగిందో, ఎన్ని మీటర్ల దూరంలోనో చెబుతుంది. కొత్త ప్లగ్ వేసేటప్పుడు జతల మెలికను 13 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ విప్పకండి.