ఉప్పాడ వస్తానంటున్న మేనకోడలికి

అమ్మడూ,

కొన్నాళ్లు ఉప్పాడలో ఉంటానన్నావని మీ నాన్న చెప్పాడు. తప్పకుండా రా. కానీ అక్కడ తేల్చుకోవాల్సినవి తేల్చుకునే రా. పెళ్లి ఆగిపోయింది కాబట్టి, నిశ్చితార్థంలో మగపెళ్లివారు పెట్టిన ఉంగరం, చీరలు పెద్దమనుషుల ఎదుట ఇచ్చేయండి. మనవి మనం తెచ్చేసుకోవాలి. అన్నీ కాగితం మీద రాయించి ఇరువైపులా సంతకాలు పెట్టించమను. ఆ లెక్క తెగకపోతే పాత సంగతులు ఎవరో ఒకరు తవ్వుతూనే ఉంటారు.

ఊళ్లో అడుగుతారు. "సంబంధం తప్పిపోయిందండీ" అని చెప్పి ఊరుకో. కారణాలు మొదలుపెట్టావంటే సాయంత్రానికి నువ్వు అననివి కూడా నువ్వే అన్నావంటారు. అతన్ని తిట్టొద్దు, వెనకేసుకు రావొద్దు.

సముద్రం కనబడే ఇల్లు కావాలన్నావట. వద్దు తల్లీ. ఇక్కడ కడలి ఒడ్డును కోసేస్తోంది, ఇళ్లూ గుళ్లూ కలిపేసుకుంది. వాయుగుండం పడితే కాకినాడ బీచ్ రోడ్డు మీదకి కెరటాలొచ్చి రాకపోకలు ఆగిపోతాయి. లోపలి వీధిలో, నేతగాళ్ల ఇళ్లకు దగ్గరగా చూస్తాను.

అక్కడే ఎందుకంటే, నీకు చేతిపని కావాలి. మన ఉప్పాడ జాందానీ చీరల నేతకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, దాని గొప్ప మగ్గం దగ్గర కూర్చుంటేనే తెలుస్తుంది. ఇద్దరు పక్కపక్కన కూర్చుని, బుటా, అంటే పువ్వులాంటి చిన్న బొమ్మ, ఉన్నచోటల్లా రంగు పోగును వేళ్లతో నిలువు పోగుల మధ్య దూర్చి, పేక కొట్టి, మళ్లీ దూరుస్తారు. తిరగేసి చూసినా బుటా అంతే శుభ్రంగా ఉంటుంది. పనితనం ఒత్తుగా ఉంటే ఒక్క చీరకే నెలలు పడుతుంది. నీకు ముందు కండెలు చుట్టడం, తెగిన పోగు ముడెయ్యడం నేర్పుతారు. చిన్నపని అనుకోకు. పోగు మీద చూపు పెట్టినంతసేపు మనసు వేరేచోటికి పోదు.

అలాగని ఉద్యోగం మానెయ్యకు. మజూరీ మీద ఇల్లు గడవడం ఎంత కష్టమో నేతవాళ్లనే అడుగు. పగలు నీ కంప్యూటర్ పని చూసుకో, సాయంత్రం మగ్గం దగ్గరికి వెళ్లు. నీ జీతం నీ ఖాతాలోనే ఉండాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో చేపల వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మత్స్యకారుల పేటలో డబ్బులాడవు. చేబదులు అడిగితే, తిరిగి రాకపోయినా బాధపడనంత మాత్రమే ఇవ్వు. చేపల బుట్ట తెచ్చిన ఆవిడతో గీచిగీచి బేరమాడకు.

మీ అమ్మ ఇంకో సంబంధం చూస్తానంటోంది. ఏడాది ఆగమని నేను చెబుతాను, నువ్వు నోరు చేసుకోకు. ఏడుపొస్తే నా దగ్గర ఏడు. నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా దాచకు, కాకినాడలో డాక్టరుకి చూపిద్దాం.

పిఠాపురంలో ఆగే రైలుకి టికెట్ తీసుకో. స్టేషన్‌కి మీ మామయ్య వస్తాడు. నూలు చీరలు తెచ్చుకో, పట్టువి అక్కడే ఉంచు. ఉప్పుగాలికి జరీ నల్లబడుతుంది.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య