ప్రోబయోటిక్ పొడి, ఆవు పొదుగు: కొనే ముందు చూసుకోవలసినవి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

హొసకోటె షాపులో చూపించిన ప్రోబయోటిక్ పొడి (మేలు చేసే బతికున్న సూక్ష్మజీవుల పొడి) వాడితే పొదుగువాపు తగ్గుతుందా అని అడిగావు. వాపు వచ్చేసిన ఆవుకి అది మందు కాదమ్మా. చన్ను రంధ్రంలోంచి లోపలికి దూరిన, వాపు తెచ్చే బాక్టీరియా స్టాఫిలోకాకస్‌ను ఆ పొడి రూపంలో గాడిలో కలిపిన యీస్ట్ అనే సూక్ష్మజీవి ఏమీ చెయ్యలేదు. యీస్ట్ పనిచేసేది ఆవు పెద్దపొట్టలో. అక్కడ బాగుంటే పొదుగుకీ మేలే, కానీ ఆ మేలు చుట్టు తిరిగి వస్తుంది. ఆ దారి తెలిస్తే డబ్బు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు దాచుకోవాలో నీకే అర్థమవుతుంది.

దాణా ఎక్కువై గడ్డి తక్కువైతే పెద్దపొట్టలో పులుపు పెరుగుతుంది. పులుపు కొలత పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.8 కిందకి దిగి గంటల తరబడి అక్కడే ఉంటే పీచును అరిగించే బాక్టీరియా చచ్చిపోతాయి. వాటి గోడల నుంచి వచ్చే విషం పొట్ట పొరను దాటి రక్తంలోకి చేరుతుంది. కాలేయం, తెల్ల రక్తకణాలు ఆ పనిలో పడితే పొదుగుకి కాపలా పలచబడుతుంది. ఇంకొకటి మన కళ్ల ముందే జరుగుతుంది. పేడ పలచగా, బుడగలతో పడుతుంది, తోక తడుస్తుంది, ఆ తోక తొడలకీ పొదుగుకీ రాసుకుంటుంది. పేడలో ఉండే ఇ.కొలై, క్లెబ్సియెల్లా బాక్టీరియా చన్నుల దాకా వచ్చేది ఇలాగే. బతికున్న యీస్ట్ పొట్టలో మిగిలిన కొద్దిపాటి ఆక్సిజన్‌ను వాడేసి, పీచు అరిగించే బాక్టీరియాకీ లాక్టిక్ ఆమ్లాన్ని తినే బాక్టీరియాకీ బలమిస్తుంది. అది చేసే సాయం అంతవరకే. నేరుగా పొదుగు మీద ఎంత ప్రభావం అన్నదానిపై పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు. కొన్నింటిలో పాలలో తెల్ల రక్తకణాల సంఖ్య (అది వాపుకి గుర్తు) తగ్గింది, కొన్నింటిలో తేడా కనబడలేదు.

అందుకే ముందు గాడి సరిచెయ్యి. మీ వైపు బీరు పిప్పి చవకగా దొరుకుతుంది కాబట్టి అందరూ బుట్టలకొద్దీ పోస్తారు. అందులో ముప్పాతిక పాళ్లకు పైగా నీళ్లే. ఎండాకాలంలో రెండు మూడు రోజులకే పాడవుతుంది. పైన తెల్లగానో పచ్చగానో బూజు కనబడితే ఆ పొర తీసేసి మిగతాది పెట్టడం కాదు, మొత్తం పారెయ్యి. బూజు విషం అఫ్లాటాక్సిన్ పాలలోకి దిగుతుంది. రోజుకి 15 లీటర్లిచ్చే, 400 నుంచి 450 కిలోల హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవుకి రాగి గడ్డి 4 కిలోలు, అంగుళం అంగుళంన్నర ముక్కలుగా కోసిన నేపియర్ 20 కిలోలు, దాణా 5 కిలోలు, పిప్పి 8 కిలోలు సరిపోతాయి. పిప్పి దొరకని రోజు దాని బదులు కిలోన్నర దాణా పెంచు, అదీ నాలుగైదు రోజుల్లో మెల్లగా. దాణా మూడు పూటలుగా పంచు, ఒక్కసారిగా రెండున్నర కిలోలు దాటనివ్వకు, పైగా కొంచెం గడ్డి కడుపులో పడ్డాకే పెట్టు. మార్కెట్ నుంచి తెచ్చే క్యాబేజీ ఆకులు, మెత్తబడిన టొమాటోలు గడ్డికి బదులు కావు. మినరల్ మిక్స్చర్ 100 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు రోజూ తప్పకూడదు.

గాడి సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కరలేదు. మేత తిన్న రెండు గంటల తర్వాత కొట్టంలోకి వెళ్లి చూడు. పడుకున్న పది ఆవుల్లో ఐదారైనా నెమరేస్తుండాలి. పాల సొసైటీ చీటీలో ఫ్యాట్ (వెన్న శాతం) ఒక్కసారిగా 3.2 కిందకి వచ్చిందంటే ముందు గడ్డిని అనుమానించు. అప్పటికప్పుడు ఆదుకోవడానికి తినే సోడా రోజుకి 100 నుంచి 150 గ్రాములు రెండు పూటలుగా దాణాలో కలపవచ్చు.

ఇవన్నీ అయ్యాక ప్రోబయోటిక్ కొంటానంటే నాకు అభ్యంతరం లేదు. కొనేటప్పుడు సీసా మీద ఆవు బొమ్మ కాదు, లేబుల్ వెనక చిన్న అక్షరాలు చదువు. యీస్ట్ పేరు సాక్రోమైసిస్ సెరివిసియే అని ఉంటే చాలదు, ఆ రకం నంబరు కూడా ఉండాలి, ఐ-1077 లాంటిది. ఆ తర్వాత సీఎఫ్‌యూ, అంటే బతికున్న కణాల లెక్క. ఆవుకి రోజుకి 1000 కోట్ల నుంచి 5000 కోట్ల కణాలు అందాలి. మోసపోయేదంతా ఇక్కడే. ఒక ప్యాకెట్ మీద "గ్రాముకి 500 కోట్లు" అని ఉంటుంది, రోజుకి 10 గ్రాములిస్తే 5000 కోట్లు. ఇంకోదాని మీద "కిలోకి 500 కోట్లు" అని ఉంటుంది, అది వెయ్యి కోట్లు అందాలంటే రోజుకి రెండు కిలోలు పొయ్యాలి! ధర మాత్రం రెండింటికీ దగ్గర దగ్గరగానే ఉండొచ్చు. "యీస్ట్ కల్చర్" అని మాత్రమే రాసి కణాల లెక్క ఇవ్వకపోతే అది పులియబెట్టి ఎండబెట్టిన సరుకు. దానికీ కొంత గుణం ఉంది గానీ బతికున్న యీస్ట్ ధర ఇవ్వకు. పది రకాల బాక్టీరియా, ఎంజైములు, లివర్ టానిక్ అన్నీ ఒకే పొడిలో ఉన్నాయంటే, ఒక్కొక్కటీ ఎంతుందని అడుగు.

బతికున్న సరుకు కాబట్టి వేడి తగలకూడదు. ఉడికించిన దాణాలో, వేడి కుడితిలో వేస్తే ఖర్చు వృథా. దాణా చల్లారాక గుప్పెడు తవుడులో కలిపి పైన చల్లు. రేకుల షెడ్డు కింద కాదు, ఇంట్లో నీడపట్టున, మూత గట్టిగా బిగించి పెట్టు. బాక్టీరియా రకాలైతే ఆవుకి యాంటీబయాటిక్ ఇస్తున్న రోజుల్లో వాటిలో చాలా భాగం చచ్చిపోతాయి. యీస్ట్‌కి ఆ ఇబ్బంది లేదు. ఇంట్లో మిగిలిన పుల్ల పెరుగు పోస్తే పోదా అంటావేమో. ఆ బాక్టీరియా పెద్దపొట్టలో నిలదొక్కుకోవు, పైగా పులుపుతో బాధపడే ఆవుకి ఇంకా పులుపు ఎందుకు?

ఏడాది పొడుగునా అన్ని ఆవులకీ అవసరం లేదు. ఈనడానికి మూడు వారాల ముందు మొదలుపెట్టి, ఈనాక పాలు పతాకస్థాయికి చేరేదాకా ఇవ్వు. మేత ఒక్కసారిగా మారే రోజుల్లో, ఎండలు ముదిరినప్పుడు కూడా ఇవ్వవచ్చు. ఆరు వారాలు ఇచ్చి ఫ్యాట్, పేడ, లీటర్లు రాసుకో. ఏదీ కదలకపోతే ఆపెయ్యి. అదే ఈనే ముందు వట్టిపోయిన రోజుల్లో విటమిన్ ఇ రోజుకి 1000 యూనిట్లు, సెలీనియం 3 మిల్లీగ్రాములు అందేలా చూడటం పొదుగుకి ఎక్కువ నమ్మకమైన ఖర్చు. సెలీనియం ఎక్కువైతే విషం, అందుకని మీ డాక్టరు లెక్క కట్టి ఇచ్చినదే వాడు.

ఇక చన్నుల దగ్గరికి వద్దాం. పితికే ముందు మొదటి మూడు నాలుగు ధారలు నల్లటి కప్పులో పితుకు, నేల మీద కాదు. తరకలు, నీళ్లదనం కనబడేది అక్కడే. చన్నులు కడిగి, ఒక్కో ఆవుకి ఒక్కో పొడి గుడ్డతో తుడువు. తడి చన్ను పితికితే ఆ మురికి నీరు రంధ్రంలోకే దిగుతుంది. తుడిచాక ఒకటి ఒకటిన్నర నిమిషంలో ఆవు సేపుకొస్తుంది, అంటే పాలు చన్నుల్లోకి దించుతుంది. అక్కడి నుంచి ఆరేడు నిమిషాల్లో పితకడం అయిపోవాలి. బొటనవేలు మడిచి పితికే అలవాటు మీ పనివాళ్లతో మాన్పించు, చన్ను లోపలి పొర నలిగిపోతుంది. అయిపోగానే పావిడోన్ అయోడిన్ 5 శాతం ద్రావణం ఆరు పాళ్లు, గ్లిజరిన్ ఒక పాలు కలిపి ప్రతి చన్నునూ మునిగేలా ముంచు. కప్పులో పేడ పడితే ఆ ద్రావణం పారబొయ్యి, పేడ కలిసిన అయోడిన్ పనిచెయ్యదు. రంధ్రం మూసుకోవడానికి అరగంట పడుతుంది. పితికిన వెంటనే గాడిలో గడ్డి వేస్తే ఆవు అంతసేపూ నిలబడే ఉంటుంది.

పైకి వాపు లేకుండా లోపల నడిచే వ్యాధే ఎక్కువ నష్టం చేస్తుంది. దానికి పదిహేను రోజులకోసారి సీఎమ్‌టీ (కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్) పరీక్ష చెయ్యి. నాలుగు గుంటల పళ్లెంలో ఒక్కో చన్ను నుంచి ఒక్కో గుంటలోకి రెండు మూడు మిల్లీలీటర్లు పితికి, అంతే పరీక్ష మందు పోసి, పది సెకన్లు గుండ్రంగా తిప్పు. మందు కలిసి ఊదా రంగైన పాలు నీళ్లలా జారితే మంచిది. పళ్లెం వంచినప్పుడు అడుగున సన్నటి జిగురు తీగ కనబడి, ఇంకా తిప్పుతుంటే మాయమైతే అనుమానం. మధ్యలో ముద్ద కట్టి కోడిగుడ్డు తెల్లసొనలా కదిలితే ఆ చన్నులో రోగం ఉన్నట్టే. ఆ జిగురు తెల్ల రక్తకణాలు పగిలి వచ్చినదే. ఆరోగ్యమైన చన్నులో అవి మిల్లీలీటరుకి 2 లక్షలు దాటవు. ఇరవై సెకన్ల లోపే చదివేసెయ్యి. ఈనిన మొదటి వారంలో ఈ పరీక్ష వద్దు, మంచి చన్ను కూడా జిగురు చూపిస్తుంది.

జ్వరం లేకుండా కొంచెం గట్టిపడితే కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు రుబ్బి, గుప్పెడు ముద్దను నీళ్లలో పలచగా కలిపి రోజుకి పదిసార్లు పొదుగంతా పుయ్యడం పనికొస్తుంది. ప్రతిసారీ పాలు పూర్తిగా తీసి, కడిగాకే పుయ్యి. కానీ ఒళ్లు కాలుతుంటే, పాలు పసుపు నీళ్లలా వస్తుంటే, ఆవు మేత మానేస్తే ఆ పూటే డాక్టరుని పిలిపించు. యాంటీబయాటిక్ వేశాక లేబుల్ మీద రాసిన గడువు దాటేదాకా ఆ ఆవు పాలు సొసైటీ క్యానులో కలపొద్దు, దూడకీ పొయ్యొద్దు. వట్టిపోయించే రోజున నాలుగు చన్నుల్లోనూ డ్రై ట్యూబులు (వట్టి రోజుల్లో కాపాడే మందు ట్యూబులు) ఎక్కించే పని కూడా డాక్టరుతోనే మాట్లాడి పెట్టుకో.

నువ్వు రాసిన ఆ ఎర్రావు ఎడమ వెనక చన్ను మళ్లీ మళ్లీ వాస్తోందంటే అది స్టాఫిలోకాకస్ ఆరియస్ కావచ్చు. దాన్ని అన్నిటికన్నా చివర పితుకు, గుడ్డ వేరుగా ఉంచు. ఈసారి మందు వెయ్యకముందే శాంపిల్ తియ్యి. చేతులు కడుక్కుని, చన్ను కొనను స్పిరిట్ దూదితో శుభ్రంగా తుడిచి, మొదటి మూడు ధారలు వదిలేసి, స్టెరైల్ ట్యూబులోకి పది మిల్లీలీటర్లు పట్టు. ట్యూబుని నిలువుగా కాకుండా ఏటవాలుగా పట్టుకో, పైనుంచి దుమ్ము పడదు. ట్యూబు మీద ఆవు చెవి నంబరు, ఏ చన్నో, తేదీ రాసి, ఐసు డబ్బాలో పెట్టి అదే రోజు హెబ్బాళ పశువైద్య కళాశాలకి పంపు. ఏ బాక్టీరియానో పెంచి చూసే కల్చర్ పరీక్షతో పాటు ఏ మందుకి లొంగుతుందో ఆ పరీక్ష కూడా కావాలని చీటీలో రాయించు.

ఇట్లు,
మీ పెదనాన్న